అన్నయ్య పక్షాన నిలిచిన క్లాసు: చర్చి ప్రైమరీ స్కూల్లో ఒక ఆర్‌ఈ యూనిట్

మా ఇయర్ టూ పిల్లలకు ఆర్‌ఈ (రిలిజియస్ ఎడ్యుకేషన్, అంటే మతాల గురించిన పాఠం) పీరియడ్‌లో ఏ ప్రశ్న వేసినా జవాబు సిద్ధంగా ఉండేది. యోసేపును అన్నలు ఎందుకు అమ్మేశారు? "క్షమించాలి మిస్." నోవహు ఓడలోంచి పావురాన్ని ఎందుకు వదిలాడు? "క్షమించాలి." ఈ జవాబు హాల్లో గోడ మీద ఉంది. ఆ టర్మ్‌కి స్కూల్ ఎంచుకున్న విలువ క్షమ. ఆరాధన సమావేశంలో అదే మాట, ఆటస్థలంలో తగువు తీర్చేటప్పుడు అదే మాట, స్టిక్కర్ ఇచ్చేటప్పుడూ అదే మాట. ఆరేడేళ్ల పిల్లలు గడుసువాళ్లు. ఏ మాట అంటే టీచర్ ముఖం వెలుగుతుందో ఇట్టే పట్టేస్తారు.

ఆ పరిస్థితిలో యేసు చెప్పిన తప్పిపోయిన కుమారుడి కథ చుట్టూ ఒక హాఫ్ టర్మ్ (ఆరేడు వారాలు) పాటు నడిపిన యూనిట్ గురించి రాస్తున్నాను. వాటా తీసుకుని ఇల్లు వదిలిపోయిన చిన్నకొడుకు అంతా పోగొట్టుకుని తిరిగొస్తే తండ్రి చేర్చుకుని విందు చేస్తాడు, పెద్దకొడుకు అలుగుతాడు, అదీ కథ. పిల్లలను గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను.

స్కూలు, చట్టం, క్లాసు

మాది ఇంగ్లండ్‌లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వారి వాలంటరీ కంట్రోల్డ్ ప్రైమరీ స్కూల్. చర్చి స్కూల్ అనగానే మనవాళ్లకు ఫీజులు కట్టే కాన్వెంట్ గుర్తొస్తుంది. ఇక్కడి లెక్క వేరు. ఈ దేశంలో ప్రభుత్వం కన్నా ముందే చర్చి బళ్లు పెట్టింది. పేదపిల్లల చదువు కోసం నేషనల్ సొసైటీ 1811లో పుడితే, ప్రభుత్వం గట్టిగా రంగంలోకి దిగింది 1870 చట్టంతో. 1944 చట్టం చర్చి బళ్లను ప్రభుత్వ వ్యవస్థలోకి తెచ్చి, ముఖ్యంగా ఎయిడెడ్, కంట్రోల్డ్ అని విడదీసింది. ఇవాళ చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ స్కూళ్లు 4,600కు పైగా ఉన్నాయి. వాటిలో అత్యధికం ప్రైమరీలే. ఫీజు ఉండదు, జీతాలు ప్రజల పన్నుల నుంచే వస్తాయి.

ఎయిడెడ్ స్కూల్లో ఆర్‌ఈ ఎలా ఉండాలో గవర్నర్లు, అంటే స్కూలు పాలకమండలి సభ్యులు, ట్రస్ట్ డీడ్ (స్కూలు స్థాపన పత్రం) ప్రకారం నిర్ణయిస్తారు. మాలాంటి కంట్రోల్డ్ స్కూల్ మాత్రం మామూలుగా ఆ ప్రాంతానికి ఒప్పుకున్న సిలబస్‌నే చెప్పాలి. దాన్ని చర్చి ప్రతినిధులు, ఇతర మతాలవాళ్లు, టీచర్ల సంఘాలు, స్థానిక కౌన్సిల్ కలిసి కూర్చుని తయారుచేస్తారు, ఐదేళ్లకోసారి తిరగేస్తారు. అందులో క్రైస్తవానికి పెద్దపీట ఉంటుంది కానీ దేశంలోని మిగతా ప్రధాన మతాలనూ చెప్పి తీరాలని 1988 చట్టం నుంచి ఉన్న నియమం. ఆర్‌ఈ నేషనల్ కరిక్యులమ్‌లో ఉండదు, అయినా తప్పనిసరి. తల్లిదండ్రులు కావాలంటే కారణం చెప్పకుండానే పిల్లల్ని ఈ పీరియడ్ నుంచి తప్పించవచ్చు. రోజూ జరిగే సామూహిక ఆరాధన, అంటే కలెక్టివ్ వర్షిప్, ఇంకో సంగతి. దాని నుంచి తప్పించే హక్కు కూడా విడిగా ఉంది.

ఈ రెండూ వేరని కాగితం మీద అందరికీ తెలుసు. కానీ హాల్లో చెప్పిన కథే క్లాసులోకి వస్తుంది, దాంతోపాటు హాల్లో వచ్చిన ముగింపూ వస్తుంది. హాల్లో కథ ప్రార్థనతో ముగుస్తుంది, ముగియాలి కూడా. క్లాసులోనూ అలాగే ముగిస్తే అది ఆర్‌ఈ అవ్వదు, పదిన్నరకి మళ్లీ జరిగిన ఆరాధన అవుతుంది.

మా క్లాసులో కొద్దిమంది ఆదివారం చర్చికి వెళ్తారు. కొన్ని ముస్లిం కుటుంబాలు, ఒకటి రెండు హిందూ, సిక్కు కుటుంబాలు ఉన్నాయి. సగానికి పైగా ఇళ్లలో ఏ మతం ఊసూ లేదు. ఫాస్టర్ కుటుంబంలో, అంటే సొంత ఇంట్లో ఉండలేని పిల్లల్ని చేరదీసి పెంచే కుటుంబంలో, పెరుగుతున్న బిడ్డ ఒకరున్నారు. ఆ బిడ్డ వల్ల కథ మొదలుపెట్టకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఇల్లు వదిలి వెళ్లడం, నాన్న ఎదురుచూడటం, తిరిగొస్తే చేర్చుకోవడం, ఈ కథంతా అవే. నాన్న ఎదురుచూడని ఇళ్ల పిల్లలకు ఇది ఎలా వినిపిస్తుంది? స్కూల్లో పిల్లల రక్షణ బాధ్యత చూసే టీచర్‌తో కూర్చుని మాట్లాడాను. ఫాస్టర్ తల్లికి కథ ముందే చెప్పాం. "మీ నాన్న అయితే ఏం చేసేవారు?" అనే ప్రశ్న యూనిట్‌లో ఎక్కడా అడగకూడదని నిర్ణయించాం. చాలా పాఠ్య ప్రణాళికల్లో ఆ ప్రశ్న మొదటి పేజీలోనే ఉంటుంది. ఎవరు పెట్టారో కానీ, తీసేయడం మంచిది.

కథను ముక్కలుగా

సిలబస్‌లో ప్రశ్న ఇది: క్రైస్తవులు దేవుడు ఎలాంటివాడని నమ్ముతారు? 2016లో వచ్చిన, చర్చి స్కూళ్లు విరివిగా వాడే 'అండర్‌స్టాండింగ్ క్రిస్టియానిటీ' బోధన సామగ్రి కూడా ఈ వయసుకి ఇదే ప్రశ్న పెట్టి, లూకా సువార్త 15వ అధ్యాయంలోని ఈ కథనే ఇస్తుంది. పాఠ్యాన్ని అర్థం చేసుకోవడం, అది క్రైస్తవుల జీవితాల్లో ఎలా కనబడుతుందో చూడటం, తమ లోకంతో ముడిపెట్టుకోవడం అని ఆ సామగ్రికి మూడు పాయలు. ఆచరణలో టీచర్లు మొదటి పాయను గబగబా ముగించి మూడోదానికి పరిగెడతారు. రెండు పీరియడ్లలో కథ అయిపోతుంది, హృదయం ఆకారంలో 'సారీ' కార్డు తయారవుతుంది, అది గోడకెక్కుతుంది.

నేను కథను ముక్కలు చేసి, ప్రతి ముక్కా మధ్యలోనే ఆపాలనుకున్నాను. నియమం ఒకటే: కథ పూర్తిగా వినేదాకా విలువల మాట ఎత్తకూడదు, నేనైనా సరే. ఎవరైనా "క్షమించాలి" అంటే "కావచ్చు. అది కథలో ఏ చోట కనిపించింది?" అని అడగాలి.

మొదటి పీరియడ్‌లో అసలు కథే చెప్పలేదు. యేసు ఈ కథ ఎవరికి చెప్పాడో చెప్పాను. లూకాలో అధ్యాయం మొదట్లోనే రెండు గుంపులుంటాయి. యేసు మాట వినడానికి దగ్గరికొచ్చిన సుంకరులు, చెడ్డపేరున్నవాళ్లు ఒక గుంపు. 'వీళ్లతో కలిసి భోంచేస్తాడేమిటి' అని సణిగే పరిసయ్యులు (యూదు మత నియమాలను గట్టిగా పాటించేవాళ్లు), శాస్త్రులు (ఆ ధర్మశాస్త్ర పండితులు) ఇంకో గుంపు. క్లాసును రెండుగా కూర్చోబెట్టాను. సుంకరులు రోమ్ వాళ్ల తరఫున జనం దగ్గర డబ్బు వసూలు చేసేవాళ్లని చెప్పగానే సణిగే గుంపు నిజంగానే సణగడం మొదలుపెట్టింది. యూనిట్ అంతా ఎవరి చోట్లలో వాళ్లే కూర్చోవాలన్నాను. ఎందుకో చెప్పలేదు.

తర్వాత ఆస్తి పంపకం. బైబిల్లోని ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం ప్రకారం పెద్దకొడుక్కి రెండింతలు వాటా. అంటే ఇద్దరు కొడుకులుంటే చిన్నవాడికి మూడోవంతు. లెక్కల పీరియడ్‌లో వాడే తొమ్మిది బిళ్లలు తీసి చిన్నవాడికి మూడు, పెద్దవాడికి ఆరు ఇచ్చాం. బల్ల ఖాళీ అయ్యింది. "మరి నాన్న ఎక్కడ పడుకుంటాడు?" అని వెనక వరుసలో ఒక పాప. తండ్రి బతికుండగానే వాటా అడగడం ఎంత మొరటు పనో నేను విడమరిచి చెప్పే అవసరమే రాలేదు.

పందుల దగ్గర

ఇక్కడి పిల్లలకు పంది అంటే బొమ్మల పుస్తకంలో ముద్దొచ్చే జంతువు. చిన్నకొడుకు డబ్బంతా తగలేసి, కరువొచ్చి, పందులు మేపే పనిలో చేరాడనగానే క్లాసంతా నవ్వు. పొట్టు తినాలనిపించిందంటే ఇంకా నవ్వు. ఒక్క అబ్బాయి నవ్వలేదు. "ఆయన యూదుడు కదా మిస్? మరి పందుల దగ్గరికి ఎలా వెళ్లాడు?" అన్నాడు. ఆ బాబుది ముస్లిం కుటుంబం. "మేమూ ముట్టుకోం. అంటే అతనికి ఇంక వేరే దారే లేదన్నమాట."

బైబిల్లోని లేవీయకాండము 11వ అధ్యాయంలో పంది అపవిత్రమని ఉన్న సంగతి నేను తర్వాతి స్లయిడ్‌లో పెట్టుకున్నాను. ఆ స్లయిడ్ అక్కర్లేకపోయింది. మొదటిసారి ఈ కథ విన్న యూదు శ్రోతల గుండెలో ఎక్కడ గుచ్చుకునేదో అక్కడే ఆ పిల్లాడికి గుచ్చుకుంది. చర్చికి వెళ్లే పిల్లలకు ఈ కథ అంతకుముందే తెలుసు, బహుశా అందుకే వాళ్లకి ఆ నొప్పి తగల్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఆ బాబు తనంతట తాను చెప్పాడు. "నువ్వు ముస్లింవి కదా, మీ మతంలో ఎలా ఉంటుందో చెప్పు" అని ఏ పిల్లవాణ్ణీ అడగకూడదన్నది నా పద్ధతి. ఏడేళ్ల బిడ్డ నెత్తిన ఒక మతం మొత్తాన్ని పెట్టకూడదు. పైగా ఆ బిడ్డకు తెలియకపోతే అందరి ముందు చిన్నబోతాడు.

అదే పీరియడ్‌లో ఇంకో గొడవ వచ్చింది. కొడుకు ఇంటికెళ్లి ఏమనాలో ముందే తయారుచేసుకుంటాడు: పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివాడిగా పెట్టుకో. "ఇది నిజం సారీ కాదు. ఆకలేసింది కాబట్టి చెబుతున్నాడు" అంది సణిగే గుంపులో ఒక పాప. నిజమా, నాటకమా? ఈ ప్రశ్న మీద వ్యాఖ్యాతలే ఏకాభిప్రాయానికి రాలేదు, నేనెవర్ని తేల్చడానికి. బోర్డు మీద రాసి వదిలేశాను.

దానికి జవాబులాంటిది తర్వాతి ముక్కలో పిల్లలే పట్టుకున్నారు. తండ్రి దూరం నుంచే చూసి పరిగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. కొడుకు తన మాటలు మొదలుపెట్టాడు. రెండు చోట్లా మాటలను పక్కపక్కన పెట్టి చదివించాను. రెండోసారి 'కూలివాడిగా పెట్టుకో' అన్న ముక్క లేదు. "నాన్న పూర్తిగా చెప్పనివ్వలేదు!" అని ఒకడు అరిచాడు. "నిజం సారీయో కాదో నాన్న చూడనేలేదు" అని ఇంకొకరు. పుస్తకంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించి మరీ చెప్పారు. నాకు కావలసింది అదే.

కథలో తండ్రి కొడుక్కి తొడిగించే వస్త్రం, ఉంగరం, చెప్పులు తెచ్చి ఆ సన్నివేశాన్ని నాటకం ఆడించాం. దాని గురించి పెద్దగా చెప్పడానికి లేదు. ఉంగరం కోసం కొట్టుకున్నారు.

అన్నయ్య

చాలా చోట్ల కథ కొవ్విన దూడతో, విందుతో ఆగిపోతుంది. పిల్లల బైబిల్ పుస్తకాల్లో కొన్నిటిలో అన్నయ్య ఒక్క వాక్యంలో వచ్చి పోతాడు. ఈ యూనిట్‌లో అన్నిటికన్నా ఎక్కువ సమయం నేను అతనికే ఇచ్చాను.

ముందు రెంబ్రాంట్ గీసిన బొమ్మ చూపించాను. ఆయన చివరి ఏళ్లలో వేసిన ఆ చిత్రం ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో ఉంది. మోకరిల్లిన కొడుకు, వీపు మీద తండ్రి రెండు చేతులు. కుడివైపు ఎర్రటి అంగీతో నిటారుగా నిలబడి చూస్తున్న మనిషి. అతనే అన్నయ్య అని సాధారణంగా అంటారు. "ఈయనకి ఏమనిపిస్తోంది?" అంటే "చేతులు కట్టుకున్నాడు, మాట్లాడడు" అన్నారు.

తర్వాత పాఠ్యం చదివాం. పొలం నుంచి వస్తుంటే పాటలు, నాట్యం వినబడతాయి. ఏమిటని పనివాణ్ణి అడిగి తెలుసుకుంటాడు. లోపలికి వెళ్లనంటాడు. ఇన్నేళ్లుగా చాకిరీ చేస్తున్నా నా స్నేహితులతో సరదాగా గడపమని ఒక మేకపిల్లనైనా ఇచ్చావా అంటాడు. క్లాసు మధ్యలో నేల మీద టేపు అతికించి, విందులోకి వెళ్లేవాళ్లు ఇటు, బయటే ఉండేవాళ్లు అటు నిలబడమన్నాను.

హాల్లో గోడ మీద ఆ పెద్ద మాట అలాగే ఉంది. అయినా క్లాసులో ఎక్కువమంది బయటే నిలబడ్డారు. తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్న పిల్లలైతే అడుగు కూడా తడబడలేదు. కారణాలు అడిగితే మేకపిల్ల సంగతే ఎక్కువగా వచ్చింది. మామూలుగా నోరువిప్పని ఒక పాప మాత్రం "అతన్ని ఎవరూ పిలవలేదు మిస్. అతను పొలంలో ఉండగానే మొదలుపెట్టేశారు" అంది. ఈ కథ మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను. అన్నయ్యకి కబురు వెళ్లలేదన్న సంగతి నా దృష్టికి తెచ్చింది ఈ పాపే.

అప్పుడు చర్చికి వెళ్లే అబ్బాయి ఒకడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "కథలో నాన్న అంటే దేవుడు కదా. దేవుడు తప్పు చేయడు కదా." ఇలాంటి చోట టీచర్‌కి రెండు ప్రలోభాలు. వాణ్ణి ఓదార్చడానికి "నిజమే, నాన్నదే సరి" అని తీర్పు చెప్పేయడం ఒకటి. మిగతావాళ్లను మెచ్చుకుంటూ వాడి నమ్మకాన్ని పక్కన పెట్టేయడం రెండోది. "నాన్న అప్పుడేం చేశాడో మళ్లీ చదువుదామా?" అన్నాను. చదివాం. తండ్రి విందు వదిలి బయటికొచ్చి అన్నయ్యను బతిమాలాడు. ఆ అబ్బాయే కళ్లు తుడుచుకుంటూ, "ఇద్దరి కోసమూ బయటికొచ్చాడు" అన్నాడు. టేపు దాటినవాళ్లు కొందరు. దాటనివాళ్లు ఎక్కువమంది.

"తర్వాత? లోపలికి వెళ్లాడా?" లూకాలో కథ అక్కడితో ఆగిపోతుంది. అన్నయ్య జవాబు రాసి లేదు. పిల్లలు నమ్మలేదు, పేజీ తిప్పి చూపించమన్నారు. తిప్పి చూపించాను, తర్వాతి పేజీలో వేరే కథ. అప్పుడు మొదటి పీరియడ్ నాటి గుంపులను గుర్తుచేశాను. ఈ కథ విన్నది ఎవరు? కాసేపు చప్పుడు లేదు. సణిగే గుంపులోంచి ఒకడు మెల్లగా, "అంటే... అన్నయ్య మేమేనా?" అన్నాడు.

గేటు దగ్గర ఒక తల్లి

ఈ మధ్యలోనే ఒక సాయంత్రం ఓ తెలుగు తల్లి ఆగి అడిగారు. "మీరూ తెలుగువాళ్లే కదండీ, దాచకుండా చెప్పండి. మావాడు ఇంట్లో రోజూ యేసు చెప్పిన కథే చెబుతున్నాడు. ప్రార్థనలు గట్రా చేయిస్తున్నారా?"

హాల్లో ఆరాధన ఉంటుందనీ, అక్కడ ప్రార్థన సమయంలో పిల్లలు ఊరికే కూర్చోవచ్చనీ, ఆర్‌ఈ పీరియడ్‌లో మాత్రం ప్రార్థన ఉండదనీ చెప్పాను. రెండిటి నుంచీ తప్పించే హక్కు తమకుందని కూడా చెప్పాను. ఆ మాట చెప్పడానికి కొందరు టీచర్లు వెనకాడతారు, చెబితే అందరూ తప్పించేస్తారేమోనని. నా అనుభవంలో దాచినప్పుడే అనుమానం పెరుగుతుంది. బాబు పుస్తకం చూపించాను. ప్రతి పేజీలో 'క్రైస్తవులు నమ్మేది', 'నాకు అనిపించేది' అని రెండు గడులున్నాయి. రెండో గడిలో వాడు "నేనైతే మేకపిల్ల అడిగేవాణ్ణి" అని రాసుకున్నాడు. ఆవిడ నవ్వి, "వచ్చే టర్మ్‌లో మనవాటి గురించి కూడా చెబుతారాండీ?" అన్నారు. చెబుతాం, సిలబస్‌లో ఉంది. చెప్పేటప్పుడు ఇదే పద్ధతి ఉంటుందనీ, అక్కడా వాడు ఎదురు ప్రశ్నలు వేస్తాడనీ ముందే హెచ్చరించాను.

వికార్ గారి రాక

రెండో పాయ కోసం, అంటే కథ క్రైస్తవుల జీవితాల్లో ఎలా కనబడుతుందో చూడటానికి, పారిష్ వికార్ గారిని (స్థానిక చర్చి గురువును) పిలిచాం. కథ మళ్లీ చెప్పొద్దనీ, ఈ కథ మీ చర్చిలో ఎక్కడ వినబడుతుందో మాత్రం చూపించమనీ అడిగాను. ఆయన ఆరాధన పుస్తకం తెచ్చారు. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ ఇప్పుడు వాడుతున్న కామన్ వర్షిప్‌లో ప్రభురాత్రి భోజనం తర్వాత చెప్పే ఒక ప్రార్థన ఉంది. మేమింకా దూరంగా ఉండగానే నీవు మమ్మల్ని ఎదుర్కొని ఇంటికి తెచ్చావని తండ్రికి కృతజ్ఞత చెప్పే ప్రార్థన అది. చదువుతుంటే 'దూరంగా' అన్నచోటే పిల్లలు గుర్తుపట్టి చేతులెత్తారు. పెద్దవాళ్లు ఆరాధనలో ఈ కథలోకి వెళ్లి నిలబడతారన్న సంగతి వాళ్లకి కొత్త. వారం వారం తప్పులు ఒప్పుకునే భాగం కూడా ఆయన చూపించారు. "మరి మీకు ఎప్పుడైనా అన్నయ్యలాగా అనిపిస్తుందా?" అని ఒక పాప అడిగింది. "తరచుగా" అన్నారాయన, సందేహించకుండా.

తేలిందేమిటి

ఆర్‌ఈకి దేశమంతటికీ ఒకే పరీక్ష లేదు. యూనిట్ మొదట్లో, చివర్లో దేవుడు ఎలాంటివాడని క్రైస్తవులు నమ్ముతారన్న ఒకే ప్రశ్న అడిగి, టీచింగ్ అసిస్టెంట్ చేత పిల్లల మాటలను ఉన్నదున్నట్టు రాయించాను. ఈ వయసులో రాత పని చూసి అవగాహనను కొలిస్తే బాగా రాయగలవాళ్లే బాగా ఆలోచిస్తున్నట్టు కనబడతారు. అన్నయ్యని ఎవరూ పిలవలేదన్న పాప సొంతంగా రాయగలిగింది రెండు పదాలే.

మొదట్లో జవాబులు 'మంచివాడు', 'క్షమిస్తాడు'. చివర్లో ఒక బిడ్డ: "క్రైస్తవులు దేవుడు బయటికొచ్చి పిలుస్తాడనుకుంటారు. నేననుకోను, కానీ పిలిస్తే బాగుంటుంది." ఇంకొకరు: "దేవుడు సారీని కొలవడు, వాళ్లు అలా అనుకుంటారు, కానీ అది కోపం వచ్చే పని." అందరూ ఇలా మాట్లాడలేదు. కొందరు ఇంకా గోడ మీది మాటే చెప్పారు. "దేవుడికి ఇద్దరు కొడుకులా?" అని చివరిదాకా అడిగినవాడు ఉన్నాడు. పోలిక కథను పోలికగా పట్టుకోవడం ఆరేళ్లకి అందరికీ రాదు, తొందరపెట్టడం వల్ల వచ్చేదీ కాదు.

స్టాఫ్‌రూమ్‌లో ఒక అభ్యంతరం వచ్చింది: చర్చి స్కూల్లో పిల్లలు అన్నయ్య పక్షాన ఉండిపోతే మన క్రైస్తవ దృక్పథం మాటేమిటి? ఆ మాటకి బలం లేకపోలేదు. కానీ ఆ కథను ముగించకుండా వదిలేసింది నేను కాదు. పాఠ్యమే ఆ తలుపు తెరిచి ఉంచింది. క్రైస్తవ పాఠ్యాన్ని సీరియస్‌గా తీసుకోవడమంటే నా లెక్కలో దాన్ని ముందుగా మూసెయ్యకపోవడం. ఇంకో కారణం కూడా ఉంది, ఇది మతం కన్నా పిల్లల భద్రతకు సంబంధించినది. క్షమ అనే మాటను జవాబుగా అలవాటు చేస్తే, తనను బాధపెట్టిన మనిషి గురించి చెప్పాల్సిన బిడ్డ కూడా 'క్షమించాలి కదా' అని నోరుమూసుకునే ప్రమాదం ఉంది. ఎవరైనా నొప్పించినప్పుడు పెద్దవాళ్లకు చెప్పడం, క్షమించడం రెండూ వేర్వేరు పనులని చివరి పీరియడ్‌లో సూటిగా, కథతో ముడిపెట్టకుండా చెప్పాను.

వచ్చే ఏడాదికి కొన్ని మార్పులు రాసిపెట్టాను. నాటకం తీసేసి ఆ పీరియడ్‌ను కూడా అన్నయ్యకి ఇస్తున్నాను. క్షమ అనే విలువను ఈ యూనిట్ ఉన్న టర్మ్ నుంచి వేరే టర్మ్‌కి జరపడానికి హెడ్ టీచర్ ఒప్పుకున్నారు. బౌద్ధుల సద్ధర్మ పుండరీక సూత్రంలోనూ ఇల్లు వదిలిపోయిన కొడుకు కథ ఒకటుంది. అక్కడ తండ్రి పరిగెత్తుకు రాడు, కొడుకు బెదిరిపోకుండా ముందు పాకీపనిలో పెట్టుకుని, ఏళ్ల తరబడి ఓపిక పట్టి, చివరికి నిజం చెబుతాడు. ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చెప్పడం ఇయర్ టూకి భారం. పదీ పదకొండేళ్ల పిల్లలుండే ఇయర్ సిక్స్ టీచర్‌కి నా నోట్స్ ఇచ్చాను.